గళ్ల పట్టీ గిటారు

"ఆ గిటారు నాకిచ్చేయండి బాబాయ్‌గారూ, మీకు పుణ్యముంటుంది."

సియోల్ నాక్వోన్ బజారులో, ఒక వాద్యాల దుకాణం గుమ్మంలో నిలబడి హేరాన్ ఒగరుస్తోంది. ఈ వసంతంలోనే కాలేజీలో చేరింది. 'పిల్లగాలి' పాటల క్లబ్బులో అందరికన్నా చిన్నది.

చిన్నదైతే ఇంతే. గిన్నెలు మోయాలన్నా, గిటారు కొనాలన్నా ఆ నెత్తినే పడుతుంది.

మధ్యాహ్నం రైలుకు క్లబ్బంతా కాంగ్‌చోన్ ఏటి ఒడ్డుకు పోతోంది. గిటారు లేకపోతే పాట లేదు. గిటారు తెచ్చినవాళ్లదే తొలి పాట అని క్లబ్బులో కట్టుబాటు కూడా. ఆ తొలి పాట కోసం హేరాన్ కొన్నాళ్లుగా స్నానాల గదిలో గొంతు చించుకుంటోంది.

"చవకవన్నీ అయిపోయాయమ్మా. ఈ రోజుల్లో పిల్లలంతా ఏటికే కదా," అన్నాడు దుకాణదారు. "ఆఖరుది ఇదిగో, ముందొచ్చిన ఈయన చేతిలో ఉంది. ప్లైవుడ్డుది. మంచుకీ ఎండకీ ఊరికే బీటలివ్వదు."

గిటారు పట్టుకున్నాయన యాభై దాటిన మనిషి. బూట్ల నిండా దుమ్ము. తనతో తెచ్చుకున్న గుడ్డ పట్టీని అప్పటికే గిటారుకు కట్టేస్తున్నాడు.

"ఎవరి కోసమమ్మా అంత తొందర?"

"మా పిల్లగాలి క్లబ్బుకండీ. సాయంత్రం కాంగ్‌చోన్ ఏటి దగ్గర పాడాలి."

ఆయన చెయ్యి ఆగింది.

"మీరు కొండల్లోకి కదూ వెళ్లేది?"

"ఇన్నాళ్లూ కొండలకే. ఈ ఏడే మళ్లీ ఏటికి."

ఆ సంగతి ఈయనకెలా తెలుసని అడగడానికి హేరాన్‌కు తీరికెక్కడిది?

"మీ క్లబ్బులో గిటారు లేదా?"

"అదే కదా గోల. బయట తిరిగే గిటారు ఏడాది బతికితే గొప్ప. అందుకని ఏటేటా ఎవరో పేరు చెప్పకుండా మా గది గుమ్మంలో కొత్తది పెట్టి పోతారట. ఎవరో పాత సీనియరే అయ్యుంటాడు. పెద్దన్న అని పిలుచుకుంటాం. ఈసారి పెద్దన్నకు పిసినారితనం పట్టుకున్నట్టుంది."

ఆయన నవ్వాడు. "ఊరి బస్సు చెడిపోయి ఆలస్యమైందేమో పాపం."

"ఇంట్లో అక్షింతలు పడ్డాయేమో."

ఆయన ఇంకా నవ్వాడు. నవ్వుతూనే గిటారు తీసి ఆమె మెడలో వేశాడు. పట్టీ మరీ పొట్టిది. గిటారు గడ్డం కిందికి వచ్చింది.

"ఇదేం పట్టీ బాబాయ్‌గారూ, ఇంట్లో గుడ్డకు కరువొచ్చిందా?"

"అదే ఆఖరి ముక్కమ్మా. అయిపోయింది."

హేరాన్ డబ్బు తీస్తే ఆయన ఆ చేతిని తోసేశాడు. "పెద్దవాణ్ణి నేనుండగా నువ్వివ్వడమేమిటి? దాంతో మాంసం కొనుక్కోండి."

పెద్దలు ఇస్తామన్నాక పట్టుబట్టకూడదు. వద్దు వద్దని కాసేపు మర్యాదకు గింజుకుని, నడుం వంచి దణ్ణం పెట్టేసింది. లోపల మాత్రం గంతులేస్తోంది.

"తొలి పాట ఏం పాడతావు?"

"ఏటి పాట. మా మొదటి ప్రెసిడెంటు మిన్‌గు అన్న కట్టింది. ఆయన ఇప్పుడు లేరులెండి."

"ఒక్క చరణం పాడవూ?"

"రైలు వెళ్లిపోతుంది బాబాయ్‌గారూ. మీరే కాంగ్‌చోన్ వచ్చేయండి, మీ చెవులు నొప్పెట్టేదాకా పాడతాను."

"ఆ ఏటికి నేను రాలేనమ్మా," అన్నాడాయన. "గట్టిగా పాడు."

ఆ మాట పూర్తయ్యేసరికి హేరాన్ మెట్లు దిగిపోయింది.

స్టేషను గడియారం కింద ప్రెసిడెంటు తేసిక్ గిటారు అందుకున్నాడు. పట్టీ చూసి నోరు తెరిచాడు. పసుపు మీద ఆకుపచ్చ గళ్లు, చేత్తో వేసిన కుట్టు.

"ఒసేయ్, ఇది పెద్దన్న పట్టీయే. ఏటా గిటారుకు ఉండేది ఈ గుడ్డే."

రైలు కదిలేసరికి బోగీ అంతా హేరాన్ మీద పడింది.

"పేరు అడిగావా?"

"లేదన్నా."

"ఏ బ్యాచ్ అనైనా?"

"లేదు."

"మొద్దూ. కనబడ్డ ప్రతివాణ్ణీ ఏ బ్యాచ్ అని అడుగుతామే, ఆయన్ని వదిలేశావా? మరేం మాట్లాడావు?"

"పిసినారి అన్నాను."

బోగీ నవ్వులతో దద్దరిల్లింది.

"కానీ అన్నా, ఆయనకు యాభై దాటాయి. మన క్లబ్బు పుట్టి పదేళ్లేగా. సీనియరెలా అవుతాడు?"

"ఉద్యోగాలు చేస్తే అంతేనే. త్వరగా ముసలివాళ్లయిపోతారు."

మళ్లీ నవ్వులు. హేరాన్ కూడా నవ్వింది. పెద్దన్నను కళ్లారా చూసింది తనొక్కతే అన్న గర్వం ఆ నవ్వులో దాగలేదు.

పొద్దు ఇంకా కొండ మీదే ఉండగా ఏటి ఒడ్డున తొలి పాట ఎత్తుకుంది. గట్టిగానే పాడింది. శ్రుతి అక్కడక్కడా జారినా ఎవరికీ పట్టలేదు. చప్పట్లకు అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయాయి.

వాళ్లు అద్దెకు దిగిన ఇంటావిడను అందరూ పిన్ని అంటారు; ఆ పిన్ని నూడుల్స్ కుండ తెచ్చి, దించబోయి, అలాగే నిలబడిపోయింది.

"ఈ పట్టీ ఎవరిచ్చారే నీకు?"

"మా పెద్దన్న, పిన్నీ. పాత సీనియర్."

పిన్ని కుండ కింద పెట్టి, పట్టీ కొస తిప్పి చూసింది. అక్కడ కాలరు కుట్టు ఉంది, పక్కనే ఒక బొత్తాం కన్నం.

క్లబ్బు గదిలో మిన్‌గు ఫోటో ఉంది, గళ్ల చొక్కాతో. నలుపు తెలుపు ఫోటో. ఆ గళ్లు ఏ రంగువో అక్కడున్న పిల్లల్లో ఎవరికీ తెలియదు.

"సీనియరు కాదే పిచ్చిపిల్లా," అంది పిన్ని. "ఏట్లో కొట్టుకుపోతున్న పసిదాన్ని తీయడానికి దూకబోతూ మిన్‌గు ఈ గట్టున విప్పి పెట్టిన చొక్కా ఇది, వాళ్ల నాన్న వస్తే నేనే మడిచి ఆయన చేతిలో పెట్టాను."