తప్పుకు పది ప్రశ్నలు

“ప్రైమరీ ఆల్కహాల్‌ని ఆక్సీకరణం చేస్తే ముందు ఆల్డిహైడ్ వస్తుంది. ఇప్పుడు చెప్పు, ముందు ఏమొస్తుంది?”

ఫోన్లో మేనకోడలు “ఊఁ...” అంటూ సాగదీసింది.

“కీటోనా మామయ్యా?”

టైలర్ మామయ్య కత్తెర బల్ల మీద పడేసి నెత్తి కొట్టుకున్నాడు.

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ముద్ద కలిపి నోట్లో పెడితే ఉమ్మేస్తావేంటే?”

అవతల కిలకిలా నవ్వు.

“నవ్వు, నవ్వు. తప్పుకు పది ప్రశ్నలు జరిమానా. రూలు రూలే.”

“సరే మామయ్యా” అంది బుద్ధిగా.

ఆర్గానిక్ కెమిస్ట్రీ సెమిస్టర్ పరీక్షకి ఇంక రెండు రోజులే ఉంది. ఊరుగాని ఊళ్లో హాస్టల్లో ఉంటున్న పిల్ల, జవాబులతో సహా ప్రశ్నలన్నీ జిరాక్స్ తీసి పంపి, రోజూ సాయంత్రం అడగమంది. ఎనిమిదో క్లాసు గట్టెక్కని మామయ్య ఆ కాగితాలు కుట్టుమిషన్‌కి ఆనించి, కూడబలుక్కుంటూ అడుగుతున్నాడు. ఈ పేపరు తప్పితే ఏడాది పోతుందని విన్నప్పటినుంచి ఆయనకి చెయ్యి ఆడటం లేదు. నిన్న ఎవరి చొక్కాకో రెండూ కుడిచేతులే కుట్టాడు.

“మీ గదిలో పిల్లలు చెప్పరా?”

“వాళ్లు కలిసి లైబ్రరీకి వెళ్లారు.”

“నువ్వూ పోవచ్చుగా?”

“వాళ్లదంతా ఒక జట్టు మామయ్యా.”

ఫ్యాన్ కిర్రుమనడం తప్ప ఆమె వెనక మరో అలికిడి లేదు. మామయ్య కాగితం తిప్పాడు.

“బెంజీన్‌లో ఆరు కార్బన్లు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతాయటే. కొత్తవాళ్లని ఓ పట్టాన కలుపుకోవట. పొగరుబోతులు!”

“తెలుసు మామయ్యా” అంది మెల్లగా.

ఆ తర్వాత తొమ్మిది ప్రశ్నలకీ టకటకా చెప్పింది.

“శభాష్! ఈ పదోది చెప్పేస్తే ఫోన్ పెట్టేస్తాను. కొలతలకి మనిషొచ్చాడు.”

పదోది తప్పు.

మరో పది. మళ్లీ తొమ్మిది ఒప్పు, చివరిది తప్పు. కొలతలకొచ్చిన మనిషి చూసి చూసి వెళ్లిపోయాడు.

“గట్టు దాకా ఈది గట్టు దగ్గర మునుగుతావేంటే!”

మర్నాడూ అదే తంతు. మామయ్యకి ముచ్చెమటలు పట్టాయి. ఇంటికి పరుగున వెళ్లి, కాలేజీలో చేర్పించిన రోజు రాసుకున్న లెక్చరర్ నంబరు వెతికి ఫోన్ చేశాడు.

“అయ్యా, నమస్కారం. రేపు పరీక్ష. మా మేనకోడలు జవాబు కలిపి అడిగినా తప్పే చెబుతోందండీ. ఈ ఒక్కపూట పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ముక్కలు చెప్పరూ? మీ మేలు మర్చిపోను.”

“ఏ అమ్మాయండీ?”

“కిటికీ పక్క బెంచీలో ఒక్కతే కూర్చుంటుందటండీ.”



“ఆ అమ్మాయే మా క్లాసు ఫస్టండీ.”