పెళ్లిపీట

చెట్టు కొట్టడం మానేసి ముప్పయ్యేళ్లయింది. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా యంత్రం పోసిన చెక్కే. అయిదేళ్లకోసారి దాన్ని పట్టుకుపోయి కరిగిస్తారు. అసలు చెక్కయితేనే ఉంచుకోనిస్తారు. ఏది అసలో, ఏది పోతో కలప అడితిలో కూర్చుని తేల్చేది విరూపాచారి. ఎలా తెలిసిందో గోడమీద మాట్లాడే పెట్టెకి కూడా విడమరిచి చెప్పాలి; అది విన్నదంతా పోత యంత్రానికి చేరవేస్తుంది.

మొదట్లో, "చిత్రిక పడితే టేకు తోలు వాసనేస్తుంది, ఇరుగుడు చెక్క గులాబీ వాసనేస్తుంది. పోత దేనికీ వాసన లేదు," అన్నాడు. నెల తిరక్కుండా పోత చెక్క ఘుమఘుమలాడింది. "కరువేడు పెరిగిన వలయం సన్నగా ఉంటుంది," అన్నాడు. పోత చెక్కకి కరువులూ వచ్చాయి. "మనిషి చేసినదానికి అడుగున ఉలి తడబడిన గాట్లుంటాయి," అన్నాడు. అవీ వచ్చాయి.

ఇవాళ తమ్ముడి కూతురు భ్రమరాంబ టేకు పీట పట్టుకొచ్చింది.

"నా పెళ్లికి నువ్వు చేసిందేగా పెదనాన్నా! ఆ ముక్క చెప్పెయ్, వదిలేస్తారు."

"అసలుదే," అన్నాడు.

"ఎలా తెలిసింది?" అంది పెట్టె.

వాసన, వలయాలు, గాట్లు చెప్పాడు.

"అవన్నీ పోతలోనూ ఉన్నాయి. ఇంకేమైనా ఉందా?"

విరూపాచారి పీట తిరగేశాడు. ఆనాడు ఉలి జారి బొటనవేలు తెగిన చోట లోతుగా గాటుంది. వేలిమీది మచ్చ అందులో సరిగ్గా కూర్చుంది.

"ఆ వేలు కాస్త దగ్గరగా చూపించండి," అంది పెట్టె.

విరూపాచారి గుప్పిట మూసేశాడు.

"పోతదేనమ్మా," అన్నాడు. "పట్టుకుపోమను."