జల్లెడలో నూగు

“ఈ ఊరు చూడ్డానికి లోకమంతా ఎగబడి వస్తుంది. నువ్వేమో వచ్చి, డ్రయ్యర్ జల్లెడలో బట్టల నూగు కూడా తియ్యకుండా పోతావు!”

చదువుకని ఎక్కడో ఉత్తరాన ఉన్న కిరునా నుంచి స్టాక్‌హోమ్ వచ్చిన నాతో మాట్లాడే మనిషి గున్‌వోర్ ఒక్కతే. మా భవనం నేలమాళిగలో అందరికీ ఒకటే ఉతుకుల గది. నా వంతు అయ్యాక ఆ ముసలావిడది. వారం వారం తిట్లే.

ఒక వారం పంతం కొద్దీ జల్లెడ శుభ్రంగా తుడిచి పెట్టాను. తిట్టడానికేమీ దొరకక ఆవిడ చిన్నబోయింది. బుట్టలోని దుప్పట్లు మిషన్లో వేసింది. వాటి ఇస్త్రీ మడతలైనా చెదరలేదు.

పై వారం నూగు అలాగే వదిలేసి కూర్చున్నాను.

“ఎన్నిసార్లు చెప్పాలోయ్ నీకు!” గున్‌వోర్ గొంతు ఖంగుమంది.

“మర్చిపోయానండీ,” అన్నాను.

ఆ రోజు నేను ఉతికినవీ మాసిన బట్టలు కావు.