విడిపోయే సీను

"ఆపండి!" అని అరిచాడు తేజేశ్వర్.

లండన్‌లో పుట్టి, అక్కడే నాటకాలు రాసి, ఆడించి, టీవీకి సిరీస్‌లు తీసి పేరు తెచ్చుకున్న మనిషి. అమెరికాలోని ఈ కమ్మింగ్ ఊళ్లో అచ్చుగుద్దినట్టున్న ఇళ్ల మధ్య ఈ ఇల్లు వెతుక్కునేసరికే అతని ఓపిక సగం అయిపోయింది. మిగతా సగం ఈ జంట తినేస్తోంది.

అమెరికన్ ఛానెల్ వాళ్లు నటుల్ని ఫొటోలో కూడా చూపించకుండా వాళ్లే ఎంపిక చేశారు. ఒక ఇంటి అడ్రస్ ఇచ్చి, అక్కడ రిహార్సల్ చూసుకోండి, రేపే షూటింగ్ అన్నారు. భార్యాభర్తలు విడిపోయే ఈ సీను పండకపోతే సిరీస్ అటకెక్కినట్టే.

ఇందాక తలుపు తీసిన అమ్మాయి, "లక్ష్మీకాంతం ఆంటీ పంపిన అంకులేనా? మీకోసమే వెయిట్ చేస్తున్నాం" అంది. కాస్టింగ్ చూసేవాళ్ల పేర్లు అతనికి ఏనాడూ గుర్తుండవు. ఆ ఆ అనేసి, "మొదలుపెట్టండి" అన్నాడు.

తలుపు దగ్గర సూట్‌కేసు ఒక్కటే స్క్రిప్టు ప్రకారం ఉంది. డైలాగుల్లో తను రాసిన ముక్క ఒక్కటీ లేదు. పాత్రల పేర్లు కూడా గాలికొదిలేసి సొంత పేర్లతో అరుచుకుంటున్నారు.

"నీ లాప్‌టాప్‌నే పెళ్లి చేసుకోవాల్సింది నీరజ్!"

"మా అమ్మ కాల్ చేస్తే మ్యూట్‌లో పెట్టేదానివి, నువ్వు చెప్పకు నమ్రతా!"

అప్పుడే తేజేశ్వర్ ఆపమన్నది. అతనికి ఒళ్లు మండిపోతోంది.

"ఇద్దరూ ఒకేసారి అరిస్తే ఎవరికి వినపడుతుంది? నువ్వు కూర్చో బాబూ. అమ్మాయ్, ఆ లాప్‌టాప్ గొడవ వదిలెయ్. అసలు బాధేంటో చెప్పు. మెల్లగా."

ఆమె నీరజ్ వైపు తిరిగింది.

"బేబీ పోయిన రోజు నువ్వు ఆఫీస్‌కి వెళ్లిపోయావ్ నీరజ్. హాస్పిటల్ నుంచి నేను ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుని వచ్చాను."

ఇంత మాట తను రాయలేకపోయినందుకు తేజేశ్వర్‌కి సిగ్గేసింది, ఉక్రోషం కూడా వచ్చింది.

"ఇప్పుడు నువ్వు చెప్పు," అన్నాడు అబ్బాయితో. "సాకులొద్దు."

"ఇంట్లో ఉంటే నీ ముందు ఏడ్చేస్తానని భయమేసింది," అన్నాడతను. అంటూనే భోరుమన్నాడు.

ఆమె వచ్చి అతని పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది.

సీను ప్రకారం ఆమె సూట్‌కేసు తీసుకుని వెళ్లిపోవాలి. పోనీలే, ముగింపే మార్చేద్దాం అనుకున్నాడు తేజేశ్వర్. ఇలాంటి నటుల్ని తన జన్మలో చూడలేదు. ఆ మాటే చెబుదామని నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. ఛానెల్ తరఫున ఏర్పాట్లు చూసే శ్రేయాస్.

"సారీ సర్, ఫ్లైట్ క్యాన్సిల్ అయిందట, మీ యాక్టర్స్ ఇద్దరూ ఇంకా లాస్ ఏంజెలెస్‌లోనే ఉన్నారు."