ఏడో బెడ్డుకి పాత దిండు

"అందరికీ కొత్త దిండ్లిచ్చి, నాకు మాత్రం ఈ పాతదేమిటమ్మా? ఏం పాపం చేశాను?"

ఏడో బెడ్డు పెద్దాయన గోధుమరంగు దిండుని వేలితో పక్కకి నెట్టాడు. రెగ్జిన్ వెలిసిపోయింది. ఒక మూల సిరా మరక. నిజం చెప్పాలంటే అది ఎవరికీ ఇవ్వదగ్గట్టు లేదు.

"పాతదైతేనేం, గట్టిది," అంది దిండ్లమ్మ.

ఆవిడ అసలు పని బట్టలు కుట్టడం. ఇరవై రెండేళ్ళ కిందట ఇంకో ఊళ్ళో గుండె ఆపరేషన్ చేయించుకుని బతికి బయటపడింది. తర్వాత ఈ ఆసుపత్రిలో గుండె రోగులకి దిండ్లు కుట్టి పంచే సంఘం పెట్టింది. ఆపరేషనయ్యాక దగ్గేటప్పుడు దిండుని ఛాతీకి హత్తుకుంటే కుట్లు లాగవు. సంఘంలో జీతాల్లేవు, అందరూ మాజీ రోగులే. ఇవాళ లిస్టులో పేరు చూడగానే ఆవిడ ఏడో బెడ్డు తనకే వదలమని పట్టుబట్టింది.

"ఆయన జోలికెందుకండీ?" అని నర్సు అప్పుడే వారించింది. "కేసు షీట్లో ఉద్యోగమేంటంటే 'రిటైర్డ్' అని ఊరుకున్నాడు. కన్నకూతురు కాళ్ళావేళ్ళా పడ్డా సంతకం పెట్టట్లేదు. రెండింటిలోగా పెట్టకపోతే రేపటి ఆపరేషన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్ళీ వంతు వచ్చేదాకా ఆ గుండె తట్టుకోదు."

ఇప్పుడు గోడ గడియారంలో ఒకటిన్నర దాటింది.

"బల్లమీద పడుకుని మళ్ళీ లేవనివాళ్ళని చూశానమ్మా. ఒకరా, ఇద్దరా!" పెద్దాయన తన చేతులకేసి చూసుకున్నాడు. గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. "మీ సంఘం కబుర్లు నా దగ్గర చెల్లవు. భయమేస్తోంది, అంతే."

"నాకూ వేసింది. లేస్తానా అనడిగితే, డాక్టరు గ్యారంటీ ఇవ్వలేనన్నాడు."

"మరి సంతకం ఎలా పెట్టావు?"

"ఆయన వెళ్ళినట్టే వెళ్ళి, దిండొకటి పట్టుకుని వెనక్కొచ్చాడు. 'ఎల్లుండి దగ్గొస్తుంది, దీన్ని గట్టిగా పట్టుకో' అన్నాడు. చచ్చేదానికి ఎల్లుండి దగ్గు సంగతి ఎందుకు చెబుతాడు? అక్కడే నాకు ధైర్యమొచ్చింది."

పెద్దాయన ఫక్కున నవ్వాడు. "పిచ్చితల్లీ! ఏదో మాటవరసకి అనుంటాడు. గుమ్మం దాటగానే మర్చిపోయుంటాడు."

"మర్చిపోతే పోనీండి. నేను బతికానా, లేదా?"

నవ్వు ఆగిపోయింది. ఆయన దిండుని దగ్గరికి లాక్కున్నాడు.

"అది ఇదేనా?"

దిండ్లమ్మ తలూపింది. ఆయన దిండుని అటూ ఇటూ తిప్పి, ఛాతీకి ఆనించి, ఉత్తుత్తి దగ్గు దగ్గి చూశాడు.

"ఏదీ, ఆ కాయితం ఇలా తే."

సంతకం పెట్టాడు. తలుపు దగ్గర నిలబడ్డ కూతురు గోడకి తల ఆనించి ఏడ్చేసింది. నర్సు కాయితంతో గది దాటేదాకా దిండ్లమ్మ నోరు మెదపలేదు. మొహమాటానికి పెట్టే సంతకం ఆవిడకి అక్కర్లేదు.

"ఇంతకీ, వార్డులో రౌండ్లు కొట్టే డాక్టరుకి అప్పటికప్పుడు దిండెక్కణ్ణుంచి వచ్చిందమ్మా?" అని అడిగాడు పెద్దాయన.

"మీ కుర్చీలోంచి, డాక్టరుగారూ."