దేవమ్మ ఇంట్లో నీళ్ల హోరు

అందరూ వెళ్లిపోయాక, మిర్యాలగూడ స్థానిక పత్రిక విలేకరి సౌందర్య ఆఫీసులో ఒంటరిగా కూర్చుని సైదులు వార్త రాస్తోంది. వేములపల్లి దగ్గర సాగర్ కాలువలో అతను నిన్న కొట్టుకుపోయాడు; శవం ఇంకా దొరకలేదు. మధ్యాహ్నం అతని ఇంట్లో భార్య దేవమ్మ చెప్పగా ఫోనులో రికార్డు చేసుకున్న మాటలను మళ్లీ వింటోంది.

దేవమ్మ ఏడుపు ఆగిన చోట నీళ్ల హోరు వినిపించింది. దాని వెనక సన్నగా మగ గొంతు. “తూము కాడున్న.”

సౌందర్య వెనక్కి తిప్పి మళ్లీ వింది. రికార్డు చేసినప్పుడు ఆ గదిలో తామిద్దరే ఉన్నారు. కాలువ ఆ ఇంటికి చాలా దూరం.

ఆఫీసు ఫోను నుంచి దేవమ్మకు ఫోన్ చేసి వినిపించింది.

“మా ఆయన గొంతే, బిడ్డా.”

సౌందర్య వెంటనే ఎడిటర్ నాగేందర్‌కు ఫోన్ చేసింది. “సచ్చిపోయిండని నేను రాయను సార్. జర కారు తియ్యుండ్రి.”

“ఏమైందమ్మా?”

“తొవ్వల చెప్త.”

దేవమ్మను ఎక్కించుకుని కాలువ తూము దగ్గరికి వెళ్లారు. టార్చి వెలుగులో నల్లటి నీళ్లు, జమ్ము తప్ప ఏమీ కనబడలేదు. దేవమ్మ కూతురి పేరు పెట్టి మొగుణ్ని పిలిచింది. “ఓ సంతోషి నాయినా!”

కప్పలు ఒక్కసారిగా ఆగిపోయాయి. జమ్ములో ఎవరో దగ్గారు.

దేవమ్మ చెప్పులు విడిచింది. సౌందర్య టార్చి నాగేందర్‌కిచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగింది.