కొంగకు రాని వయసు

జట్టును ఎంచే పని నక్కకు అప్పగించిన అడవి ఒకటుండేది. ఆ అడవికి పొరుగడవితో అయిదు రోజుల టెస్టు మ్యాచ్ వచ్చిపడింది. నక్క పుట్టమీద కూర్చుని పేర్లు చదివింది. ఓపెనర్‌గా మిడత పేరు వినగానే కొంగకు ఒళ్ళు మండిపోయింది. పనికిరాని చేపను వదిలేసినట్టే, వికెట్లకు దూరంగా పోయే బంతిని వదిలేస్తూ పూటంతా నిలబడే ఓర్పు ఆ అడవిలో కొంగకొక్కదానికే ఉంది. మిడతేమో బంతి కనబడితే చాలు, ఎగిరి మీద పడుతుంది.

"మిడత అయిదు రోజులు నిలుస్తాడా మామా? అయిదు బంతులు నిలిస్తే గొప్ప!" అంది కొంగ.

"ఏం చెయ్యను అల్లుడూ? నీకు వయసైపోయింది. కుర్రాళ్ళకు చోటివ్వొద్దూ?" అంది నక్క.

"మరి నిరుడు నన్నెందుకు వద్దన్నావు?"

"అప్పుడు నువ్వు మరీ పసివాడివి. అనుభవం చాలదన్నాను."

కొంగ మెడ నిటారుగా లేచింది. "నిరుడు పసివాణ్ణి, ఈ యేడు ముసలివాణ్ణి! ఆ రెంటికీ నడుమ నాకు ఆడే వయసంటూ ఒకటి వచ్చే ఉంటుంది కదా! దాన్నెవరు మింగారు మామా?"

జంతువులన్నీ నక్కవైపు చూశాయి. నక్క తొణకలేదు.

"కోపమెందుకు అల్లుడూ? ఆడేవాళ్ళకు మంచినీళ్ళు మొయ్యడానికి నీది సరైన వయసే," అంది.